నేల చల్లబడేదాకా

అక్టోబరు వచ్చిందంటే విల్లో స్పర్ ఊళ్ళో అందరూ తారాస్ హ్రించుక్‌ని ఒకటే ప్రశ్న అడుగుతారు. పోస్టాఫీసులో అడుగుతారు, పెట్రోలు బంకులో అడుగుతారు, చర్చి మెట్ల మీద పాదిరిగారు కూడా అడుగుతారు. "నీళ్ళు పోశావా?" అని. ఇరవై రెండేళ్ళుగా అతను ఇచ్చే జవాబూ ఒకటే. "ఇంకా లేదు. నేల చల్లబడాలి."

తారాస్ ఊరి కర్లింగ్ క్లబ్బులో మంచు వేసే మనిషి. ఆటగాళ్ళు బరువైన నున్నటి రాళ్ళను జార్చి ఆడే ఆ నాలుగు మంచు బాటలూ అతని చేతి మీదే తయారవుతాయి. కాంక్రీటు నేల కింది గొట్టాల్లో గడ్డకట్టని ఉప్పునీళ్ళు పారించి, నేలను రోజుకు కాస్త చొప్పున చల్లార్చి, అది పూర్తిగా దారికొచ్చాకే మొదటి పలుచటి నీటిపొర చల్లుతాడు. తొందరపడి పోస్తే మంచు చూడటానికి బాగానే ఉంటుంది, జనవరిలో పగుళ్ళిస్తుంది. ఆ పగులు వల్ల ఓడిపోయినవాడు మార్చి దాకా తారాస్‌ని తిట్టుకుంటూ తిరుగుతాడు. ఆరు నెలల చలికాలం, నాలుగు వందల జనాభా, ఉన్న కాలక్షేపం అదొక్కటే. అందుకే అతను ఎవరి తొందరా లెక్కచేయడు. క్లబ్బు అధ్యక్షుడొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా సరే, నేల చల్లబడేదాకా చుక్క నీళ్ళు చల్లడు.

ఇంత ఓపిక ఉన్న మనిషి తన ఒంటి సంగతికి వచ్చేసరికి ఎంత కంగారు పడ్డాడో చెబితే ఎవరూ నమ్మరు.

పదకొండేళ్ళ కిందట, మంచు కరిగించేసిన ఒక ఏప్రిల్‌లో, తారాస్ మంచం దిగడం మానేశాడు. ఫలానా కష్టం వచ్చిందని చెప్పడానికి ఏమీ లేదు. ఆరు వారాలపాటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య లేస్యా చెంచాతో సూపు తాగించేది. చివరికి డాక్టరు రాసిన డిప్రెషన్ మాత్ర అతన్ని లేపి కూర్చోబెట్టింది. ఆ మాట అతను ఎన్నడూ కాదనలేదు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ చేతులు వణకడం మొదలైంది. మంచు మొత్తం వేశాక చివర్లో దాని మీద సన్నటి నీటిబొట్లు చిలకరించాలి, వెనక్కి నడుస్తూ, చెయ్యి ఒకే లయలో ఊపుతూ. రాయి జారేది ఆ బొట్ల మీదనే. చెయ్యి వణికితే బొట్లు ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా పడతాయి. ఆడేవాళ్ళెవరూ అది కనిపెట్టలేదు. తారాస్ కనిపెట్టాడు, అతనికి అది చాలు.

మూడేళ్ళ కిందట తానే డాక్టరై మాత్ర ఆపేశాడు. ఒక్కసారిగా, ఎవరికీ చెప్పకుండా, అదీ జనవరిలో, చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి ఆడే పోటీల వారంలో. రోజుకు పదహారు గంటల పని, ఫ్లాస్కు నిండా కాఫీ, నాలుగు గంటల నిద్ర. తొమ్మిదో రోజుకి తల తిప్పితే చాలు బుర్రలో కరెంటు చురుక్కుమనేది. ఫైనల్స్ రోజు పొద్దున గొట్టం కట్టేయడం మరచిపోయి మూడో బాటను చెరువు చేశాడు. ఇదేమిటని అడిగినవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. ఇంటికొచ్చి, బీట్‌రూట్ తరుగుతున్న లేస్యాతో ఒక మాట అన్నాడు.

"నాకీ రోగం నీ వల్లే వచ్చింది. నువ్వు లేకపోతే నేను నిక్షేపంలా ఉండేవాణ్ణి."

లేస్యా కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, అతన్ని ట్రక్కు ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్ర మళ్ళీ మొదలైంది, నెల తిరిగేసరికి మనిషి కుదుటపడ్డాడు. ఊరికి ఫ్లూ అని చెప్పారు. ఆ మాట సంగతి మళ్ళీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి లేస్యా ఒక్క రాత్రి కూడా ఇల్లు విడిచి ఉండలేదు. అక్క మార్తా గంట దూరంలో డాఫిన్‌లో ఉంటుంది. భోజనానికి వెళ్ళినా నాలుగు కొట్టేసరికి తిరిగొచ్చేసేది. మార్తా నవ్వుతూ ఎగతాళి చేసేది, లేస్యా నవ్వి ఊరుకునేది.

ఈసారి ఆగస్టులో తారాస్ మాత్ర తగ్గించుకుందామని పద్ధతిగా క్లినిక్కు వెళ్ళాడు, లేస్యాని వెంటబెట్టుకుని. డాక్టరు ఆ ఊరికి వారానికి రెండు రోజులే వస్తాడు. మిగతా రోజులు క్లినిక్కును నడిపేది నర్సు మరీటెస్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి పదిహేనేళ్ళయింది. యాభై దాటిన మగవాళ్ళందరినీ తన భాషలో అన్నయ్యా అన్నట్టు "కూయా" అంటుంది.

"ఎప్పుడు మొదలుపెడదాం?" అన్నాడు తారాస్, కుర్చీలో కుదురుగా కూర్చోకముందే.

"టోపీ తీసి కూర్చోండి కూయా. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?"

"చాలినంత."

"చాలినంత అంటే ఎన్ని?"

తారాస్ లేస్యా వైపు చూశాడు. "నాలుగున్నర," అంది లేస్యా.

"కాఫీ ఎన్నిసార్లు?"

"రెండు మూడు."

"పోసుకునేది రెండు మూడుసార్లే," అంది లేస్యా. "పోసుకునేది మాత్రం ఫ్లాస్కులోకి."

మరీటెస్ నవ్వకుండా రాసుకుంది. రాత్రుళ్ళు పుచ్చుకునే విస్కీ గురించి అడిగింది, పొద్దున ఏం తింటాడో అడిగింది, ఆ జవాబులూ లేస్యానే చెప్పింది. అంతా అయ్యాక నర్సు కలం పక్కన పెట్టింది.

"డాక్టరుగారితో మాట్లాడాను. మాత్ర తగ్గించి చూడటానికి ఆయనకేం అభ్యంతరం లేదు. కానీ ఇలాంటి ఒంటితో కాదు. ముందు నిద్ర దారిలో పడాలి. తిండి వేళకి ఉండాలి. విస్కీ వద్దు, కాఫీ పొద్దున ఒక్క కప్పు. రోజూ మధ్యాహ్నం వెలుతురులో ఒక గంట నడవాలి. రక్తపరీక్షలు చేయిద్దాం, థైరాయిడ్, ఐరన్, విటమిన్లు. ఏది తక్కువగా ఉంటే అది సరిచేద్దాం. ఇవన్నీ కుదురుకున్నాక మొదలుపెడదాం."

"అయితే క్రిస్మస్ వెళ్ళాక?"

"మీదా, మాదా? మీ చర్చి క్రిస్మస్ జనవరి ఏడు, మా ఫిలిప్పీన్స్‌లో సెప్టెంబరులోనే ఆ సందడి మొదలవుతుంది. అసలు మీ ఆటల కాలంలో వద్దు కూయా. మీరు మంచు కరిగించేశాక, ఏప్రిల్‌లో చూద్దాం."

ఎనిమిది నెలలు. మాత్ర తగ్గించడానికి కాదు, తగ్గించడానికి సిద్ధమవడానికి. తారాస్ మొహం చిన్నబోయింది.

"ఇంకోటి," అంది మరీటెస్. "మనిషి తేడాగా ఉంటే తనకు తెలియదు, పక్కవాళ్ళకు తెలుస్తుంది. మీ తేడా కనిపెట్టి మొహం మీదే చెప్పేవాళ్ళు కావాలి."

"నేనున్నాను కదా," అని లేస్యా అంటుందనుకున్నాడు తారాస్. ఆమె అనలేదు. తన సంచీలోని జేబురుమాలు తీసి మడతపెడుతూ, "నేను కాకుండా ఇద్దరు," అంది. "పోయినసారి నేనొక్కదాన్నే చూశాను. ఈసారి నా ఒక్కదాని వల్ల కాదు. ఆ రెండు పేర్లు రాయి, అప్పుడు నేను సరేనంటాను. రాయకపోతే ఈ మాత్ర ఇలాగే మింగుతూ ఉండు."

మరీటెస్ ఆ జాబితా కాగితం చివర రెండు గీతలు గీసి ఇచ్చింది.

తారాస్ మంచు లెక్కలు రాసే నోటుపుస్తకంలాంటిదే ఇంకొకటి కొన్నాడు. మొదటి వారం ఏడు రోజులూ "నిద్ర: బాగుంది" అని రాశాడు. లేస్యా చదివి, "మంగళవారం నువ్వు గ్యారేజీలో మేకులు ఏరుకుంటూ కూర్చున్నావు," అంది. "నేల చల్లబడకుండానే చల్లబడిందని క్లబ్బు పుస్తకంలో రాస్తావా?" తారాస్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఉన్నదున్నట్టు రాశాడు. నాలుగు, నాలుగున్నర, ఐదు. సెప్టెంబరు చివరికి ఆరు. రక్తంలో ఐరన్ తక్కువని తేలింది, దానికి మందిచ్చారు. పొద్దున్నే గుడ్లూ రొట్టే తినడం మొదలుపెట్టాడు. జాబితాలో ఒక్కొక్కటే కుదురుకుంటూ వచ్చింది. చివరి రెండు గీతలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఎవరికి చెబుతాడు? ఐవార్‌కా? ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఇద్దరూ కలిసి చేపల వేటకు వెళ్ళి, పొద్దస్తమానం ఒక్క మాటైనా లేకుండా కూర్చుని, ఇంటికొచ్చి చాలా సరదాగా గడిచిందని చెప్పుకునే బాపతు. అలాంటివాడితో మనసు బాలేదని ఎలా మొదలుపెడతాడు?

అతను చెప్పకపోయినా ఊరికి కళ్ళున్నాయి. విల్లో స్పర్‌లో బండి చెడిపోతే తప్ప ఎవరూ రోడ్డు మీద నడవరు. తారాస్ మధ్యాహ్నం పూట పొలాల మధ్య నడుస్తుంటే ప్రతి ట్రక్కూ ఆగేది. "బండి పోయిందా? ఎక్కు." "నడుస్తున్నాలే." "ఎక్కడికి?" "ఎక్కడికీ లేదు." వాళ్ళు తలూపి, దిగులుగా చూసి వెళ్ళిపోయేవారు. క్లబ్బులో కాఫీ వద్దన్నాడు. అక్కడ కాఫీ వద్దనడమంటే ఇంటికొచ్చినవాడు తలుపు దగ్గరే నిలబడిపోయినట్టు. చర్చి విందులో విస్కీ వద్దన్నాడు. ఐదు కిలోలు తగ్గాడు. నెలలో మూడుసార్లు క్లినిక్కు నుంచి మోచేతి మడతలో దూది పెట్టుకుని బయటికి రావడం హేన్యా కంటబడింది. హేన్యా క్లబ్బు వంటగదికి పెద్ద. ఆమె ఒకటీ ఒకటీ కలిపింది.

మొదట క్యాబేజీ ఆకుల్లో చుట్టి వండిన అన్నం వచ్చింది, పెద్ద పళ్ళెం నిండా. మర్నాడు బంగాళదుంప కూరిన పెరోగీ కుడుములు. ఆ తర్వాత మూడు రకాల కాసరోల్. ఇచ్చినవాళ్ళెవరూ గడప దాటలేదు. "గిన్నె తొందరేం లేదు లేస్యా," అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయారు.

"మనింట్లో ఎవరు పోయారు?" అంది లేస్యా, ఫ్రీజరు తలుపు మోకాలితో నెట్టి మూస్తూ.

ఐవార్ క్లబ్బు యంత్రాల గదికి వచ్చి, కాసేపు కంప్రెసర్ వంక చూసి, ఉన్నట్టుండి తారాస్ భుజం మీద చెయ్యి వేశాడు. ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి. "ఎక్కడొచ్చిందిరా?" అన్నాడు.

"ఎక్కడేమిటి?"

"సర్లే. నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు." ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కాఫీ బల్ల పైన గోడకి అంటించిన కాగితం తారాస్ కంటబడింది. అలాంటి కాగితం అతను బాగా ఎరుగును. తాను కూడా ఎందరికో రాశాడు. "తారాస్‌ని విన్నిపెగ్ క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. పేరు, ఏ రోజు వీలు." కింద పద్నాలుగు పేర్లు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. నడుం పట్టేసి ఎనిమిది నెలలుగా ట్రక్కు నడపని పాదిరిగారి పేరు కూడా ఉంది.

తారాస్‌కి సిగ్గేసింది. కాగితం చింపెయ్యాలనిపించింది, చెయ్యి రాలేదు. ఇంటికెళ్ళి లేస్యాకి చెప్పాడు. చెప్పి, కుర్చీలో కూలబడి, "క్యాన్సరే అయ్యుంటే ఎంత బాగుండేది," అన్నాడు.

లేస్యాకి అంత కోపం రాగా అతను చూడలేదు.

"ఔను మరి. క్యాన్సరయితే ఊరందరికీ చెప్పుకోవచ్చు. పళ్ళేలు పట్టుకుని వస్తారు, బండి కట్టుకుని తీసుకెళ్తారు. ఇదైతే ఫ్లూ అని చెప్పి నేనొక్కదాన్నే మొయ్యాలి. మూడేళ్ళుగా నువ్వు మేడ మీద అడుగు తీసి అడుగేస్తే నాకు మెలకువ వచ్చేస్తోంది, తెలుసా నీకు? అక్కడ పద్నాలుగు పేర్లున్నాయి తారాస్. నేనడిగింది రెండు."

తారాస్ జాబితా కాగితం తీసి, చివరి రెండు గీతల వంక చూస్తూ కూర్చున్నాడు.

శనివారం మంచు మీద గీతలూ వలయాలూ వేసే రోజు. ఏటా పాతికమంది వస్తారు, మోకాళ్ళ మీద పాకుతూ కుంచెలతో రంగులేస్తారు. పదకొండింటికి పని ఆపి అందరూ కాఫీ బల్ల చుట్టూ చేరారు. ఆ ఏడాది ఎవరూ తారాస్‌ని "నీళ్ళెందుకింత ఆలస్యం చేశావు" అని దెప్పలేదు. అదే అతనికి భరించరానిదిగా తోచింది. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు క్యాన్సర్ లేదు."

"రిపోర్టు ఇంకా రాలేదా?" అంది హేన్యా జాలిగా.

"రిపోర్టు కాదు హేన్యా. లేదంటే లేదు." బూట్ల వంక చూస్తూ చెప్పుకుపోయాడు. "పదకొండేళ్ళుగా డిప్రెషన్‌కి మాత్ర వేసుకుంటున్నాను. ఇప్పుడది కొద్దికొద్దిగా తగ్గించి చూద్దామని. దానికి ముందు ఒళ్ళు బాగుచేసుకోమన్నారు. ఆ నడకా, కాఫీ మానడమూ, రక్తపరీక్షలూ అందుకే. మూడేళ్ళ కిందట మూడో బాట చెరువైంది చూశారుగా, అది ఫ్లూ కాదు. నేను మాత్ర సొంతంగా ఆపేసి తెచ్చుకున్న తంటా. ఆ రోజు మీలో కొందరిని తిట్టాను. లేస్యాని ఇంకా ఎక్కువ అన్నాను."

కమిటీ సభ్యుడొకాయన పక్కవాడితో, "మతి స్థిమితం లేనివాడి చేతిలో ఆ యంత్రాలేమిటి," అని గొణిగాడు. గొణుగుడైనా అందరికీ వినబడింది. హేన్యా గరిటె ఆయన వైపు తిప్పి, "నువ్వు గుండె మాత్ర వేసుకుని కోత యంత్రం నడపట్లేదూ? కాఫీ తాగు, చల్లారిపోతుంది," అంది.

తారాస్ జేబులోంచి కలం తీసి కాగితం మీది శీర్షిక కొట్టేశాడు. దాని పైన వంకర అక్షరాలతో రాశాడు: "తారాస్ తేడాగా ఉంటే వాడి మొహం మీదే చెప్పి, లేస్యాకి ఫోన్ చేసేవాళ్ళు." తర్వాత, "పేరు కొట్టేసుకోవాలనుకున్నవాళ్ళు కొట్టేసుకోండి. నేనేం అనుకోను," అని యంత్రాల గదిలోకి వెళ్ళిపోయాడు. అనుకుంటాడు, తప్పకుండా అనుకుంటాడు. అందుకే చూడకుండా ఉండటానికి వెళ్ళాడు.

ఐవార్ వెనకాలే వచ్చాడు. చాలాసేపు కంప్రెసర్ మీది ముల్లు చూశాడు. "ఏ రంగుది?" అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"మాత్ర."

"పసుపుది."

"ఆహా." ఇంకాసేపు ముల్లు చూశాడు. "నాది తెల్లది. కొడుకు పొలం అమ్మేసినప్పటి నుంచి. నేనేం మాననులే, నాకది పడింది. నీ సంగతి నువ్వు చూసుకో."

తారాస్ తిరిగొచ్చి చూసేసరికి ఐదు పేర్లు కొట్టేసి ఉన్నాయి. తొమ్మిది మిగిలాయి. ఐవార్ పేరు పక్కన "సోమ, బుధ, శుక్ర" అని చేరింది. హేన్యా పేరు కొట్టేసి ఉండటం చూసి మనసు చివుక్కుమంది. దాని కింద ఆవిడ చేతిరాత: "తేడాలు నాకు తెలియవు. వంట తెస్తాను." లేస్యా కుంచె పట్టుకునే వచ్చి ఆ కాగితం రెండుసార్లు చదివింది. వెళ్ళి మూడో బాటలో నీలం వలయానికి మిగిలిన రంగు వేసింది.

చలికాలమంతా సాఫీగా ఏమీ నడవలేదు. పేరు కొట్టేసినవాళ్ళలో ఒకడు దుకాణంలో తారాస్ ఎదురొస్తే పక్క వరసలోకి తప్పుకునేవాడు. జనవరి పోటీల వారంలో ఐవార్ వచ్చి, "మూడు రోజులుగా నువ్వు ఎవరి మాటా పూర్తిగా వినట్లేదు. కాఫీ మొదలెట్టావా?" అన్నాడు. తారాస్ మండిపడ్డాడు, తలుపు విసిరికొట్టాడు, అరగంట తర్వాత నోటుపుస్తకం తెరిచి "కాఫీ: నాలుగు. నిద్ర: నాలుగు" అని రాశాడు. ఐవార్ అప్పటికే లేస్యాకి ఫోన్ చేసేశాడు. మర్నాటి నుంచి ఫ్లాస్కు లేస్యా దగ్గరే ఉండిపోయింది.

ఏప్రిల్‌లో మంచు కరిగించేశాక ఇద్దరూ మళ్ళీ మరీటెస్ ముందు కూర్చున్నారు. ఆమె నోటుపుస్తకం పేజీ పేజీ తిప్పింది. ఏడు గంటలు, ఏడు, ఆరున్నర, ఏడు. ఐరన్ సరిపోయింది. రక్తపోటు దిగింది.

"డాక్టరుగారు సరేనన్నారు. మొదట చాలా కొంచెం తగ్గిస్తాం, మీకు తేడా తెలియనంత. ఆ తర్వాత కొన్ని వారాలు ఆగి చూస్తాం. బాగుంటే ఇంకొంచెం. బాగోకపోతే ఆగుతాం, కావాలంటే వెనక్కి వెళ్తాం. మీ అంతట మీరు దేన్నీ ముట్టుకోవద్దు. చివరికి కొంత మాత్ర జీవితాంతం ఉండిపోయినా అది ఓటమేం కాదు కూయా. సోమవారం నుంచి?"

తారాస్ లేస్యా వైపు చూశాడు. లేస్యా తలూపింది. కానీ బయటికొచ్చి ట్రక్కులో కూర్చున్నాక తాళం తిప్పలేదు.

"కాగితం మీద లేనిదొకటి ఉంది," అంది ఎదురుగా అద్దంలోకి చూస్తూ. "మళ్ళీ నీ నోట ఆ మాట వస్తే నేనేం చెయ్యాలి?"

ఏ మాట అని అతను అడగలేదు. మూడేళ్ళుగా ఇద్దరి మధ్యా అదే మాట కూర్చుని ఉంది.

"ఆ మాట నా చేత జబ్బే అనిపించిందని సరిపెట్టుకుని తప్పించుకున్నాను," అన్నాడు తారాస్. "ఆ సాకైనా నీతో చెప్పలేదు, నాలో నేనే అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఒంట్లో బాగుంది. ఏడు గంటలు పడుకున్నాను. ఒక్క కప్పు కాఫీ తాగాను. ఇప్పుడు చెబుతున్నాను విను. అది అబద్ధం లేస్యా. నాకు రోగం నీ వల్ల రాలేదు. నువ్వు చెంచాతో సూపు పట్టబట్టే నేను మంచం దిగాను. చాలా తప్పు మాట అన్నాను. రేపెప్పుడైనా మళ్ళీ అంటే, అప్పటి నన్ను నమ్మకు. ఈ రోజు చెప్పినవాణ్ణి నమ్ము."

లేస్యా అతని ఒళ్ళోంచి నోటుపుస్తకం తీసుకుని, ఆ రోజు తారీఖు కింద, నిద్ర పక్కన, అతనన్నదంతా రాసింది. రాసి, కలం అతనికిచ్చింది. "సంతకం పెట్టు."

పెట్టాడు. కలం మూత పెడుతూ లేస్యా కళ్ళు తుడుచుకుంది.

"ఈ శనివారం మార్తా దగ్గరికి వెళ్తాను," అంది. "రెండు రాత్రులు ఉంటాను. సోమవారం పొద్దున్నే వచ్చేస్తాను."

ఐవార్ ట్రక్కు పక్కకొచ్చి ఆగింది. అద్దం దించి, "మొదలెట్టావా?" అని అడిగాడు.

"ఇంకా లేదు," అన్నాడు తారాస్. "సోమవారం. లేస్యా వచ్చాక."